రెండో గడిలో నంబరు

మా వదిన పని వేళలో నాకు ఫోన్ చేసిందంటే ఇంట్లో ఎవరో పడిపోయి ఉండాలి, లేకపోతే ఎవరో పుట్టి ఉండాలి. ఆ రోజు ఆ రెండూ జరగలేదు. "ఒకసారి మా ఆఫీసుకి రాగలవా?" అంది. మా వదిన ఎవరినీ ఏదీ అడగదు. చెబుతుంది, అంతే.

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. ఈవిడ మా ఆయనకు అక్క, ఎనిమిదేళ్లు పెద్ద. నా విషయంలో ఆ అర్ధాన్ని ముప్పాతిక చేసేసుకుంది. నా పని ఆఫీసుల్లో కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలపడం, అవి మాట్లాడుకోవడం మానేస్తే ఎందుకు మానేశాయో కనిపెట్టడం. పద్దెనిమిదేళ్ల అనుభవం నాది. నా కింద ముగ్గురు పనిచేస్తారు. నలభై ఆఫీసులు నా మాట మీద నడుస్తాయి. మా వదిన లెక్కలో మాత్రం అదంతా "తీగలు లాగే పని". చుట్టాలెవరైనా నేనేం చేస్తానని అడిగితే, నోరు తెరిచే అవకాశం కూడా నాకివ్వకుండా "మా మరదలు తీగలు లాగుతుందండీ" అనేది. నేను మాత్రం ఊరుకుంటానా? "మా వదిన లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్లకి జోల పాడుతుందండీ" అనేదాన్ని.

ఎగతాళికి అన్నా, ఆవిడ పని దాదాపు అదే. ఆవిడ పనిచేసేది లిఫ్టులు బాగుచేసే చిన్న కంపెనీలో. ఊళ్లో మూడువందల పైచిలుకు లిఫ్టులు వాళ్ల చేతిలో ఉన్నాయి. లిఫ్ట్ మధ్యలో ఆగిపోయి లోపలి మనిషి అలారం బటన్ నొక్కితే, ఆ కబురు ఆఫీసులో ఒక సర్వర్‌కు చేరుతుంది. అక్కడి నుంచి వదిన ముందున్న తెర మీద ఎర్రటి వరుసగా పడుతుంది, ఏ భవనం, ఏ లిఫ్ట్, ఎన్నింటికి నొక్కారు అన్న వివరాలతో. ఆవిడ క్షణాల్లో ఆ లిఫ్ట్‌కు ఫోన్ కలుపుతుంది, మెకానిక్‌ను పంపుతుంది, అతను చేరేదాకా లోపలి మనిషితో మాట్లాడుతూనే ఉంటుంది. ఇరవై ఒక్క ఏళ్లుగా అదే కుర్చీ.

"ఏమైంది వదినా?" అన్నాను.

"నా ఉద్యోగం పోయేలా ఉంది. నాలుగింటికి ఓనరు గారొచ్చి ఏ సంగతీ తేలుస్తానన్నారు. ఈలోపు నువ్వొచ్చి ఆ తెర సంగతి చూడు. చూసి, తప్పేమీ లేదంటావా, నేనే సంచి సర్దుకుని వెళ్లిపోతాను."

చేతిలో ఉన్న పనిని మా వాళ్లకు అప్పజెప్పి, ఒంటిగంటకల్లా అక్కడున్నాను. ఇన్నేళ్లలో ఆ ఆఫీసులో అడుగుపెట్టడం అదే మొదటిసారి. చుట్టాలూ ఉద్యోగమూ ఒకచోట కలవకూడదని మా వదిన సిద్ధాంతం, అందుకని నన్నెప్పుడూ గుమ్మం తొక్కనివ్వలేదు.

నాలుగో అంతస్తులో ఒకటే పొడుగాటి గది. పదకొండు బల్లలు, పదకొండు కంప్యూటర్లు. వెనక గోడకు చుట్టలు చుట్టిన ఇనుప తాళ్లు, తలుపుల చక్రాలు, అట్టపెట్టెల్లో బటన్లు. గదంతా గ్రీజు వాసన. కిటికీ పక్కన బీరువా మీద రౌటరూ దాని పక్కన చిన్న సర్వరూ ఉన్నాయి. దుమ్ము పడుతుందని దాని మీద ఎవరో అట్టపెట్టె మూత బోర్లించి పెట్టారు. నేను మొదట చేసిన పని ఆ మూత తీసి చెత్తబుట్టలో పడేయడం.

మెకానిక్‌లందరికీ పెద్దాయన ఒకాయన ఉన్నాడు. అందరూ మేస్త్రీ అంటారు. ఆయనే నాకు సంగతంతా చెప్పాడు, గొంతు తగ్గించి, వదిన వైపు చూడకుండా. ఈ నెలలో మూడుసార్లు అలారం మోగినా ఇక్కడి నుంచి ఎవరూ పలకలేదట. మూడోసారి, ఒక రిటైరైన టీచరమ్మ రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య చీకట్లో ముప్పై ఏడు నిమిషాలు ఉండిపోయింది. ఆవిడకు ఆయాసం జబ్బు. ఆసుపత్రిలో రెండు రోజులుండి ఇప్పుడు బాగానే ఉందట.

"రెండు పదికి నొక్కారమ్మా ఆవిడ. తెర మీద రెండు పది అనే ఉంది, నేనే చూశాను. మీ వదినగారు ఫోన్ చేసింది రెండు నలభై ఏడుకి. ఇక ఏం మాట్లాడతాం చెప్పండి?"

"అప్పుడు లేదు," అంది వదిన తన కుర్చీలోంచి. "నేను చూస్తూనే ఉన్నాను. రెండు నలభై ఏడుకి వచ్చింది. రాగానే చేశాను."

"మరి రెండు పది అని ఎందుకుందమ్మా?"

ఆవిడ తల దించుకుంది. నాకు పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో ఆ తల దిగడం నేను చూడలేదు. నా పెళ్లినాడు మా మామగారు కోప్పడినప్పుడు కూడా ఆవిడ తలెత్తే నిలబడింది. ఒళ్లు మండిపోయింది నాకు.

"మేస్త్రీగారూ, ఇరవై ఏళ్లు చూసిన కళ్లు సరిగ్గా ఈ నెలలోనే పోయాయా?" అన్నాను.

"వయసు కదమ్మా..." అని నసిగాడు. ఆయన వయసు వదిన కంటే పదేళ్లు ఎక్కువ. ఆ మాట నోటి చివరిదాకా వచ్చింది గానీ, ముందు పని చూడాలని మింగేశాను.

కుర్చీ లాక్కుని వదిన పక్కన కూర్చున్నాను. తెర కన్నా ముందు నా కళ్లు బల్ల మీదున్న పొడుగాటి నోటు పుస్తకం మీద పడ్డాయి. తెర మీద ఎర్ర వరుస పడగానే, గోడ గడియారం చూసి అది వచ్చిన టైము పెన్నుతో అందులో రాసుకోవడం ఆవిడ అలవాటు. ఎవరూ రాయమనలేదు. కంప్యూటరే అన్నీ దాచుకుంటుంది కదా, ఈ రాతలెందుకని అందరూ నవ్వుతారట. "నా తృప్తి నాది" అంటుందట ఈవిడ.

తెర మీద ఉండేది లిఫ్ట్‌లో బటన్ నొక్కిన టైము. పుస్తకంలో ఉండేది అది వదిన కంటికి కనిపించిన టైము. రెండూ పక్కపక్కన పెట్టి చూడటం మొదలుపెట్టాను. కిందటి నెలంతా రెండూ ఒకటే, మహా అయితే నిమిషం తేడా. ఈ నెల ఐదో తారీఖు దాకా కూడా అంతే. ఆరో తారీఖు నుంచి తేడాలు మొదలయ్యాయి. తొమ్మిది నిమిషాలు, పన్నెండు, ఒకచోట ఇరవై, టీచరమ్మ దగ్గర ముప్పై ఏడు. ఇలా ఆలస్యంగా వచ్చినవి మొత్తం పంతొమ్మిది, గొడవ దాకా వెళ్లినవి మాత్రం ఆ మూడే. అన్నీ పొద్దున పది ప్రాంతంలో, లేదా భోజనాలయ్యాక అందరూ తిరిగొచ్చి కంప్యూటర్ల ముందు కూర్చున్న వేళల్లో.

"ఇది ఎవరికీ చూపించలేదా వదినా?"

"చూపించాను. ఓనరు గారు తెరిచి చూడకుండానే, నువ్వు రాసుకున్నదే కదా, నీకు కావలసినట్టు రాసుకుని ఉంటావన్నారు."

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఇక్కడ వినేవాళ్లకే చెప్పే మనిషి లోకువైపోయింది. నేను మేస్త్రీ వైపు తిరిగాను.

"ఆరో తారీఖున ఈ ఆఫీసులో ఏం జరిగింది?"

"ఏమీ లేదే. ఇంటర్నెట్ కంపెనీ మార్చారు ఓనరు గారు, వేగం ఎక్కువని. అంతే."

"అంతేనా! ఇల్లు మార్చి, అంతే అన్నట్టుంది మీ మాట," అన్నాను. నాకు దారి దొరికింది. దారి దొరికితే నా చేతులు ఆగవు, నోరు అంతకన్నా ఆగదు.

కంప్యూటర్లకు పేర్లతో పని లేదు. వాటికి నంబర్లు కావాలి. మనం పేరు కొడితే, ఆ పేరుకు నంబరెంతో చెప్పే సర్వర్ ఒకటుండాలి. దాన్నే డీఎన్ఎస్ సర్వర్ అంటాం. ఈ ఆఫీసులో ఆ పని బీరువా మీది చిన్న పెట్టె చేస్తుంది. ఇంటి పేర్లన్నీ, అంటే ఈ ఆఫీసు లోపలి ప్రింటరు, ఫైళ్లు, అలారాలు అందుకునే సర్వరు, అన్నీ దానికి కంఠతా వచ్చు. బయటి పేరు అడిగితే దానికి తెలియదు, అప్పుడది ఇంటర్నెట్ కంపెనీవాళ్ల సర్వర్‌ను అడిగి కనుక్కుని చెబుతుంది. అలా బయటికి పంపించడాన్నే మేము ఫార్వర్డింగ్ అంటాం. ఎవరిని అడగాలో మనమే దానికి రాసిపెట్టాలి.

అందులోకి వెళ్లి చూశాను. అనుకున్నట్టే ఉంది. రాసిపెట్టింది ఇంకా పాత కంపెనీ సర్వర్ నంబరే. కంపెనీ మార్చినవాళ్లు ఈ పెట్టెకు ఆ సంగతి చెప్పనే లేదు. అది పాపం మూడు వారాలుగా ఎత్తని ఫోన్‌కు చేస్తూనే ఉంది, జవాబు కోసం కాచుకునే ఉంది.

"అయితే మాకు ఇంటర్నెట్ ఎలా వస్తోందమ్మా?" అన్నాడు మేస్త్రీ. మంచి ప్రశ్న. ఆయన మీద కోపం కొంచెం తగ్గింది.

వదిన కంప్యూటర్ సెట్టింగులు తెరిచాను. పేర్లు ఎవరిని అడగాలో రాసే చోట రెండు గడులున్నాయి. మొదటి గడిలో మన పెట్టె నంబరు. రెండో గడిలో బయటి సర్వర్ నంబరు ఒకటి, ఎవరైనా వాడుకోగలిగేది. నేను లేచి మిగతా బల్లలూ చూశాను. పదకొండింటిలోనూ అదే.

"ఇదుగో, దొంగ దొరికాడు!" అన్నాను గట్టిగా. గదిలో ఉన్న నలుగురూ తలలు తిప్పారు. సభ చేరింది కదా, ఇక నేను ఆగుతానా? "వడ్లగింజలో బియ్యపుగింజ ఇది, వినండి. రెండో గడి ఎందుకుందనుకుంటారు అందరూ? మొదటివాడికి తెలియకపోతే రెండోవాణ్ని అడుగుతుందని. కాదు! మొదటివాడు పలకకపోతేనే రెండోవాణ్ని అడుగుతుంది. తెలియదు అన్నా, లేదు అన్నా, అదీ జవాబే. జవాబు వచ్చాక కంప్యూటర్ ఇంకెవరినీ అడగదు. ఇప్పుడు జరిగిందేంటి? మీరంతా, మా వదినతో సహా, భోజనం చేసొచ్చి ఏదో ఒక వెబ్‌సైట్ తెరుస్తారు. మన పెట్టె పాత కంపెనీకి ఫోన్ చేసి నోరు వెళ్లబెట్టుకుని కూర్చుంటుంది. కంప్యూటర్‌కి ఓపిక పోయి రెండో నంబర్‌ని అడుగుతుంది. బయటి పేరు కదా, అది టక్కున చెబుతుంది. మీకు పని జరిగిపోయింది, కాస్త నెమ్మదిగా ఉందనుకుని ఊరుకున్నారు. కానీ ఆ తర్వాత కాసేపు ఆ కంప్యూటర్ ప్రతిదానికీ ఆ బయటివాణ్నే అడుగుతుంది, పలికేది వాడే కాబట్టి. అలారం సర్వర్ ఎక్కడుంది అని కూడా వాణ్నే అడుగుతుంది. మన ఇంట్లో పేరు వాడికేం తెలుసు? అలాంటి పేరు లోకంలోనే లేదు పొమ్మంటాడు. అంతే, ఈ తెర గుడ్డిదైపోయింది. గుడ్డిదైనట్టు చెప్పను కూడా చెప్పదు, పాత వరుసలే చూపిస్తూ కూర్చుంటుంది. మళ్లీ ఎప్పుడో మన పెట్టెను అడిగినప్పుడు, ఆగిపోయిన అలారాలన్నీ నొక్కిన టైముతో సహా వచ్చి పడతాయి, ఎప్పటి నుంచో అక్కడే ఉన్నట్టు!"

మేస్త్రీ వదిన వైపు చూశాడు, ఈసారి తలెత్తి.

నాకు ఉత్సాహం హద్దు దాటింది. "అసలు ఈ రెండో గడిలో ఈ నంబరు ఏ మహానుభావుడు వేశాడో గానీ, ఆయన్ని తీసుకెళ్లి ఒక లిఫ్ట్‌లో పెట్టి ముప్పై ఏడు నిమిషాలు తలుపేసెయ్యాలి. పిడుగుకీ బియ్యానికీ ఒకటే మంత్రం అనుకునే రకం. ఇలాంటివాళ్లు సగం నేర్చుకుని ఊరి మీద పడతారు..."

"అదేంటే," అంది వదిన అమాయకంగా. "నువ్వే కదా చెప్పావు."

"నేనా?"

"మూడేళ్ల క్రితం. ఇక్కడ ఇంటర్నెట్ ఊరికే ఆగిపోతుంటే ఫోన్ చేశాను. రెండో గడిలో ఈ నంబరు వేసుకో, ఇక నీకు బెంగుండదు అన్నావు. చీటీ మీద రాసుకుని పదకొండింటికీ నేనే వేశాను."

గుర్తొచ్చింది. ఎక్కడో ఒక ఆఫీసులో నిచ్చెన మీదున్నాను, నోట్లో స్క్రూ, మెడ కింద ఫోన్ ఇరికించుకుని. అవతల వదిన. వేరే ఎవరైనా అయితే నీ దగ్గర లోపల సర్వర్ ఉందా, ఎవరు పెట్టారు అని నాలుగు ప్రశ్నలు అడిగేదాన్ని. తీగలు లాగేదానికి ఇన్నాళ్లకి ఫోన్ చేశారా అన్న అక్కసుతో, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఒక నంబరు పడేసి పెట్టేశాను. మూడేళ్లూ అది ఎవరికీ హాని చేయలేదు, మన పెట్టె ఎప్పుడూ టక్కున పలికేది కాబట్టి. పెట్టె మూగబోయిన రోజు నుంచి కాటేయడం మొదలుపెట్టింది.

దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. కుయ్యిమనడానికి లేదు. ముప్పై ఏడు నిమిషాలు చీకట్లో ఊపిరందక కూర్చున్న ఆ టీచరమ్మ ఎవరో నాకు తెలియదు, ముఖం కూడా తెలియదు. ఆవిడే కళ్ల ముందుకొచ్చింది. మేస్త్రీ పెద్దమనిషి, మీసం చాటున నవ్వుకుని గోడ మీది ఇనుప తాళ్లను లెక్కపెడుతున్నట్టు నిలబడ్డాడు.

అయినా ఏడుస్తూ కూర్చునే రకాన్ని కాదు నేను. తప్పు నాదైతే దాని మందు కూడా నా దగ్గరే ఉంది. దాన్ని సరిచేయడానికి చేయి పెట్టబోతుండగా నాలుగు కాకముందే ఓనరు గారు వచ్చేశారు. బట్టతల, ఇస్త్రీ చొక్కా, చేతిలో ఒక కాగితం. ఆ కాగితంలో ఏముందో వదినకీ తెలుసు, నాకూ తెలుసు.

"ఏమండీ, తెర బాగానే ఉందా?" అన్నారు నాతో.

"చెబితే మీరు నమ్మరు. చూపిస్తాను. ఒక్క నిమిషం." నేను ఏదీ సరిచేయకుండా, వదిన కంప్యూటర్లో వరసగా ఐదారు బయటి వెబ్‌సైట్లు తెరిచాను. పేరు అడిగే చిన్న కమాండు ఒకటి కొట్టి, జవాబు బయటి నుంచే వస్తోందని రూఢి చేసుకున్నాను. "ఇప్పుడు మీరు ఈ భవనంలో లిఫ్ట్ ఎక్కి కిందికి దిగుతూ అలారం బటన్ నొక్కి రండి. నొక్కిన టైము మీ గడియారంలో చూసుకోండి. ఈ లిఫ్ట్ కూడా మీ లెక్కలోదే కదా?"

"నన్నా?"

"మీ అంత నమ్మకమైన సాక్షి నాకెవరు దొరుకుతారు?"

మారుమాట్లాడకుండా వెళ్లారు. ఐదు నిమిషాలకు మెట్లెక్కి రొప్పుతూ వచ్చారు. "మూడు యాభై రెండుకి నొక్కాను. ఎవరూ పలకలేదేంటి?"

"వదినా, తెర మీద ఏముంది?"

"ఏమీ లేదు," అంది వదిన.

ఆయన వంగి చూశారు. ఏమీ లేదు. ఆయన కళ్ల ముందే ఇంకో ఐదు నిమిషాలు గడిచాయి. ఏమీ లేదు.

"ఇప్పుడు చూడండి," అని నేను పనిలోకి దిగాను. ముందు చిన్న పెట్టెలో పాత కంపెనీ నంబరు చెరిపేసి, కొత్త కంపెనీవాళ్ల రెండు సర్వర్ల నంబర్లు రాశాను. ఇంటి పేర్లు ఏవీ బయటికి పంపొద్దని ఒక వరుస చేర్చాను. ఆ తర్వాత వదిన కంప్యూటర్లో రెండో గడి ఖాళీ చేశాను. నా చేత్తో నేనే. రెండే రెండు నిమిషాలు.

తెర మిణుకుమంది. ఎర్ర వరుస పడింది. ఈ భవనం పేరు, ఈ లిఫ్ట్, టైము మూడు యాభై రెండు.

ఓనరు గారు తన చేతి గడియారం చూసుకున్నారు. నాలుగూ మూడు. మళ్లీ తెర చూశారు. ఎవరైనా అప్పుడే వచ్చి చూస్తే, పదకొండు నిమిషాలుగా ఆ వరుస అక్కడే ఉందనీ ఈవిడే చూడలేదనీ ఒట్టేసి చెబుతారు. ఆయన మొహంలో రంగు మారడం నేను స్పష్టంగా చూశాను. చేతిలో కాగితాన్ని మడిచి, ఇంకా మడిచి, జేబులో పెట్టుకున్నారు.

"మళ్లీ నొక్కి రండి," అన్నాను. నాకు కనికరం తక్కువ. ఈసారి మేస్త్రీ పరుగెత్తాడు. మూడు సెకన్లలో వరుస పడింది. వదిన ఫోన్ కలిపి "మేస్త్రీ, బాగానే ఉన్నారా లోపల?" అంది. గదంతా నవ్వింది.

ఓనరు గారు నవ్వలేదు. విషయమంతా చెప్పించుకున్నారు. కంపెనీ మార్చింది తానేనన్న దగ్గర గొంతు సవరించుకున్నారు. చివరికి, "ఆ రెండో నంబరు వేసిందెవరు?" అన్నారు.

"నేనేనండీ," అంది వదిన వెంటనే. "నా చేత్తోనే వేశాను."

ఆ మాట అక్కడితో వదిలేస్తే నా నలభై ఆఫీసులకీ ఏ మచ్చా ఉండదు. ఆవిడ వదిలేయమనే చూస్తోంది నా వైపు, కళ్లతో. ఒక్క క్షణం, అబద్ధమెందుకు, నాకూ ఆశ పుట్టింది.

"వేసింది ఆవిడ. వెయ్యమన్నది నేను," అన్నాను. "లోపల సర్వర్ ఉందో లేదో అడక్కుండా, కళ్లు మూసుకుని చెప్పాను. తెలిసినదాన్నయి ఉండి చేసిన తప్పు నాది. మీరు ఎవరినైనా అనాలంటే నన్నే అనండి. ఆ టీచరమ్మ ఇల్లెక్కడో చెబితే ఆవిడకీ నేనే వెళ్లి చెప్పుకుంటాను. కానీ మీరు మా వదినకి ఒక మాట బాకీ ఉన్నారు. మూడు వారాలు ఆ కుర్చీలో దొంగలా కూర్చోబెట్టారు. చాటుగా చెబితే చెల్లదు."

ఎవరైనా ఒక ఆఫీసు ఓనరుతో అలా మాట్లాడతారా అని మా ఆయన తర్వాత తల పట్టుకున్నాడు. ఏం చేయను, నా నోరు అంతే. ఆయన మాత్రం గది మధ్యలోకి వెళ్లి నిలబడ్డారు. సాయంత్రం వంతుకు వచ్చిన మెకానిక్‌లు కూడా చేరారు, పదిహేను మంది దాకా ఉన్నారు. "మూడుసార్లు అలారం తప్పింది. అందులో ఈవిడ తప్పు ఒక్కటీ లేదు. నేను ఆవిడ మాట నమ్మి ఉండాల్సింది, ఆవిడ పుస్తకం చూసి ఉండాల్సింది. తప్పయిపోయింది," అన్నారు. ఆ తర్వాత వదిన వైపు తిరిగి చేతులు జోడించారు.

"సరేలెండి," అంది వదిన. "కాస్త పక్కకి జరగండి, గడియారానికి అడ్డంగా ఉన్నారు."

అందరూ ఎవరి పనికి వాళ్లు వెళ్లారు. మిగతా పది కంప్యూటర్లలో రెండో గడులు ఖాళీ చేశాను. మొదటి పెట్టె ఎప్పుడైనా మొరాయిస్తే పలకడానికి, ఇంటి పేర్లన్నీ తెలిసిన రెండో పెట్టె ఒకటి మరునాడు తెస్తానని మేస్త్రీకి చెప్పాను. తెర గుడ్డిదైతే అరిచి చెప్పేలా చేయమని ఆ ప్రోగ్రాం రాసినవాళ్లకు ఉత్తరం కూడా రాసి పంపాను. పని పూర్తయ్యేసరికి ఐదు దాటింది. వదిన పక్కన కూలబడ్డాను. ఆవిడ టీ సగం నాకు పోసింది, తెర మీంచి చూపు తిప్పకుండానే.

"ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పాలి," అన్నాను. "ఈ మూడు వారాల్లో ఆ నంబరు సంగతి ఎవరికీ ఎందుకు చెప్పలేదు? నాకైనా పొద్దున ఫోన్‌లో చెప్పొచ్చు కదా? నా పరువు పోతుందని దాచారా?"

"దాచడమేంటే? నా మనసు దాని మీదికి పోనే లేదు. నువ్వు చెప్పింది కదా."

"నేను చెబితే?"

"నువ్వు చెప్పింది తప్పెలా అవుతుంది?" అంది, నేనేదో పిచ్చి ప్రశ్న వేసినట్టు. "ఈ తెరని అనుమానించాను, ఫోన్‌ని అనుమానించాను, ఆ టైములో నేను కునుకు తీశానేమోనని మేస్త్రీని నా మీద కాపలా కూడా పెట్టుకున్నాను. ఏదీ కాదని తేలాక, ఇక నా బుర్రే పోతోందనుకున్నాను. మా పెద్దమ్మకి చివర్లో అలాగే కదా, మనుషుల్నే మర్చిపోయింది. పోయిన బుధవారం ఆసుపత్రికెళ్లి తలకి స్కానింగ్ తీయించుకున్నా. మీ ఆయనకి చెప్పకు, కంగారుపడతాడు. ఏమీ లేదన్నాడు డాక్టరు. అప్పుడు ఇంకా భయమేసింది."

ఒక్కతే వెళ్లి ఆ మిషన్ కింద పడుకుంది. తన మతి పోయిందని నమ్మడానికి సిద్ధపడింది గానీ, నిచ్చెన మీంచి నేను విసిరేసిన నంబరును మాత్రం అనుమానించలేదు. టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. ఆఫీసని కూడా చూడకుండా, వంగి ఆవిడను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని భోరున ఏడ్చేశాను. ఆవిడ ఒక చేత్తో నా వీపు నిమురుతూ, రెండో చేత్తో నా తలను కాస్త పక్కకు నెట్టింది.

"ఏయ్ పిచ్చిదానా, వదులు," అంది. "తెర కనిపించడం లేదు."